ఒకే బంతిలో భోజనం

మొన్న మా అక్క మనవరాలు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, వాళ్ళ కంపెనీ మీటింగుకి భోజనాల ఏర్పాటు తనకే అప్పగించారనీ, బఫే పెట్టేస్తే ఎవరెక్కడ కూర్చోవాలన్న గొడవే ఉండదనీ గొప్పగా చెప్పుకుంది. నాకు ముందు నవ్వొచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది. ఆ గొడవ కోసమే ఒకప్పుడు ఉద్యోగాన్ని పణంగా పెట్టినదాన్ని నేను. ఆ పిల్లకి చెబితే కథలంటుంది. మీరైతే ఆ రోజులు చూసినవాళ్ళు గనక మీతో చెప్పుకుంటాను.

ఎనభైల్లో మాచర్ల దగ్గరి ఒక సిమెంటు ఫ్యాక్టరీలో నేను టైపిస్టుని, అదీ టెంపరరీ. ఆఫీసు మొత్తానికీ ఆడదాన్ని నేనొక్కదాన్నే కావడంతో, మీటింగులకి భోజనాలు చూసే పని మా సూపరింటెండెంటు గారు నాకు అంటగట్టారు. చారు కాచడం కూడా సరిగ్గా రాదు మొర్రో అన్నా వినలేదు. ఆడపిల్ల అన్నాక వంట దానంతటదే వస్తుందని ఆయన నమ్మకం. సరే, పంతం కొద్దీ నేర్చుకున్నాను. మాచర్ల నుంచి వంటమేస్త్రీని పిలిపించడం, కూరగాయల బుట్టలు బస్సు టాపు మీద వేయించడం, హైదరాబాదు నుంచి వచ్చే పెద్దాఫీసర్లు కళ్ళనీళ్ళు పెట్టుకోకుండా గోంగూరలో మిరపకాయలు తగ్గించమని మేస్త్రీని బతిమాలడం, అన్నీ నావే. ఆయన తగ్గించి వండింది కూడా వాళ్ళకి చెమటలు పట్టించేది, అది వేరే సంగతి.

మూణ్ణెల్లకోసారి వర్క్స్ కమిటీ మీటింగు జరిగేది. ఒక పక్క మేనేజరు గారూ ఆఫీసర్లూ, ఇంకో పక్క కార్మికుల తరఫు మనుషులు. ఆ మనుషుల్లో మా నాన్న ఒకడు, సున్నపురాయి క్వారీలో డ్రిల్లరు. పొద్దున్నుంచీ ఒకే బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకున్నవాళ్ళే, మధ్యాహ్నం కాగానే ఆఫీసర్లకి హాల్లో విస్తళ్ళు, కార్మికులకి క్యాంటీను వెనక రేకుల షెడ్డులో పులిహోర పొట్లాలు. అందులో హోదా ఎంతో, కులం ఎంతో తేల్చినవాళ్ళు లేరు, అడిగినవాళ్ళూ లేరు. ఆ పొట్లాలు కట్టించేదాన్ని నేనే. నాన్న ఇటుకల మీద కూర్చుని తింటూ నా కిటికీలోంచి కనబడేవాడు. ఇంట్లో ఒకసారి ఆ మాట ఎత్తితే, వడ్డించేవాళ్ళు మనవాళ్ళయితే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు కదే అని నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు. అసలు వాళ్ళు కూర్చున్నది కడబంతి కూడా కాదు. నా ఉద్యోగం పర్మనెంటు కావాలన్న ఆశతోనే ఆయన అలా సర్దుకుంటున్నాడని తెలిసి ఇంకా మండింది.

తర్వాతి మీటింగుకి నేను పొట్లాలు కట్టించలేదు. హాల్లో ఈ చివర నుంచి ఆ చివరకి చాపలు పరిపించి, అందరికీ ఒకే వరసలో మోదుగ విస్తళ్ళు వేయించి, మీటింగు ముగిసే వేళకి వడ్డన మొదలుపెట్టించాను. మా పల్నాటి మనుషులు ఎంత తగువైనా పెట్టుకుంటారు గానీ, వడ్డించిన విస్తరి ముందు నుంచి లేవరు, బంతి మొత్తం ముగిసేదాకా చెయ్యి కడగరు. ఆ ధీమాతోనే కార్మికుల్ని ముందుగా పిలిచి, ఒక విస్తరి విడిచి ఒక విస్తరి ముందు కూర్చోబెట్టాను. వెనకాలే వచ్చిన మేనేజరు గారు గుమ్మంలోనే ఆగిపోయారు. సూపరింటెండెంటు గారు నా దగ్గరికొచ్చి, ముందు వీళ్ళని లేపమన్నారు. నాన్న అప్పటికే చేతులు నేలకి ఆనించి లేవబోతున్నాడు.

"లెగమాక నాన్నా. అన్నం ముందు నుంచి నిన్ను లేపినోళ్ళకి నేను వడ్డించను," అన్నాను, అందరికీ వినబడేలాగే.

నాన్న కూర్చున్నాడు, తల మాత్రం ఎత్తలేదు. మేనేజరు గారు జీపెక్కి గెస్ట్‌హౌస్‌కి వెళ్ళిపోయారు. అక్కడ ఆ పూట పొయ్యి వెలిగించలేదని ఆయనకి ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. మిగిలిన ఆఫీసర్లు కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకుని, మర్యాదకో ఆకలికో, ఒక్కొక్కరే వచ్చి ఖాళీ విస్తళ్ళ ముందు కూర్చున్నారు.

మర్నాడే భోజనాల పని నా చేతిలోంచి తీసేశారు. ఆ ఏడు నన్ను పర్మనెంటు చేయలేదు. బాధ పడలేదంటే అబద్ధం, బాగా ఏడ్చాను. నాన్న నన్ను ఒక్క మాటా అనలేదు. మళ్ళీ మీటింగు వచ్చింది, పొట్లాలూ వచ్చాయి, చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే అనుకున్నాను. అప్పుడు నాన్న తన పొట్లం తెచ్చి సూపరింటెండెంటు గారి బల్ల మీద పెట్టి, హాల్లోకి వెళ్ళి, ఆఫీసర్ల వరస చివర, విస్తరి లేని చోట బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. తక్కిన కార్మికులూ వెళ్ళి ఆయన పక్కన చేరారు.

"మాకేం తొందర లేదయ్యా. విస్తళ్ళు ఏసినప్పుడే తింటాం," అన్నాడు.

పక్కన అంతమంది ఖాళీ నేల ముందు కూర్చుని ఉంటే ఆఫీసర్లకి ముద్ద దిగలేదు. కాసేపటికి విస్తళ్ళొచ్చాయి. నాన్న తల ఎత్తుకునే తిన్నాడు. ఆ తర్వాత ఆ ఫ్యాక్టరీలో కార్మికులకి పొట్లాలు కట్టలేదు.

ఇప్పుడు ఎవరికి కావలసింది వాళ్ళు పెట్టుకుని, గోడవారన నిలబడి, ఫోన్ చూసుకుంటూ తినేస్తున్నారు. ఎవర్నీ లేపేవాళ్ళు లేరు, మంచిదే. కానీ అసలు ఎవరూ కూర్చోని చోట, నువ్వూ నా పక్కన కూర్చోదగ్గవాడివేనని ఎవరు ఎవరికి ఒప్పుకుంటారు? ఒప్పించుకోవడానికి మేము అంత పోట్లాడాం. నాన్నే ఉంటే ఆ ప్లేటు చేత్తో పట్టుకుని, కూర్చునే చోటు కోసం హాలంతా వెతికేవాడు.