ఎర్ర సిగ్నల్ దగ్గర నా పాఠం

సిద్దిపేటలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. సికింద్రాబాద్‌లో అధ్యాపకుల ప్రదర్శన ఉందంటే, పట్టాల్లో కరెంటు పారించి రైలు జాడ కనిపెట్టే పద్ధతికి ఒక నమూనా చేశాను. చలికాలం. తెల్లవారగానే ఆటోలో స్టేషన్ చేరి, టికెట్ తీసుకుని, నమూనా ఉన్న అట్టపెట్టెను పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని రైల్లో కూర్చున్నాను. నా భార్య కట్టిచ్చిన ఉప్మా కుకునూరుపల్లి రాకముందే అయిపోయింది.

ఎదురుగా చంద్లాపూర్ నర్సయ్య. ముంబై దగ్గరి భివండిలో మగ్గం పని. సికింద్రాబాద్‌లో ముంబై బండి అందుకోవాలి.

"అందకపోతే మా సేటు ఇంకొకని పెట్టుకుంటడు సార్," అన్నాడు.

గజ్వేల్ దాటాక ఒక చిన్న స్టేషన్ బయట బండి ఆగింది. ఎర్ర సిగ్నల్. ఇక నన్ను ఆపేదెవరు? పెట్టె విప్పాను.

"రెండు పట్టాలల్ల సన్నగ కరెంటు పోతుంటది. బండొస్తే చక్రాలు, ఇరుసు పట్టాలను కలుపుతయి. కరెంటు అటు కొసకు చేరదు. ఎర్ర లైటు!" నమూనా పట్టాల మీద తాళంచెవి అడ్డం పెట్టి వెలిగించాను. అందరూ మూగారు. "ముందట బండున్నది. అది పోంగనే మనం పోతం."

అరగంట గడిచింది. పక్కనున్న ముసలమ్మ కిటికీలోంచి తొంగిచూసి, "ఏ బండి లేదు బిడ్డా, ఖాళీ పట్టాలే," అంది.

"అయితే తీగ ఊడింటది. ఉత్తగ ఆపిన్రు," అని తీర్పు చెప్పాను.

నర్సయ్య లేచాడు. "ఉత్తగనా? నడువుండ్రి సార్, డ్రైవర్‌కు మీరే చెప్పుండ్రి." చెయ్యి పట్టుకుని ఇంజను దాకా లాక్కెళ్ళాడు.

నేను గొంతు సవరించుకునేలోపే డ్రైవర్ కేకేశాడు. "ఎక్కుండ్రి, ఎక్కుండ్రి! ముందట పట్టా ఇరిగింది. కరెంటు తెగి ఎర్ర సిగ్నల్ పడ్డది. లేకుంటే గీపాటికి మనం పొలంల ఉంటుంటిమి."

పట్టా విరిగినా కరెంటు ఆగుతుందని ఏటా క్లాసులో చెప్పేది నేనే. తాళంచెవి సంబరంలో మరిచాను. నర్సయ్య తిరిగి బోగీ ఎక్కి తన సంచులు తలుపు దగ్గరికి చేర్చుకున్నాడు.

పట్టాకు అతుకు వేశాక బండి మెల్లగా కదిలింది. సికింద్రాబాద్‌లో దిగగానే నర్సయ్య సంచుల్లో ఒకటి నేను భుజానికెత్తుకున్నాను. ఇద్దరం పరుగెత్తాం. ముంబై బండి కదులుతోంది. అతను ఎక్కి, "సంచి ఇయ్యుండ్రి సార్!" అన్నాడు. కంగారులో సంచితో పాటు చంకలోని అట్టపెట్టె కూడా అందించాను.

నా నమూనా భివండి వెళ్ళిపోయింది. ప్రదర్శనలో సుద్దముక్కతో బోర్డు మీద పట్టాలు గీసి, పొద్దున జరిగిందంతా చెప్పాను. నవ్వారు. నవ్వాక చాలాసేపు ప్రశ్నలడిగారు.

సాయంత్రం తిరుగు బండి ఆ అతుకు మీద నత్తలా పోతోంది. పక్కాయన విసుక్కున్నాడు. "ఏంది సార్ గీ నడక?"

"పొద్దుగాల గీడ పట్టా ఇరిగింది. సిగ్నల్ ఆపింది."

"మీరు రైల్వేలనా?"

చెప్పడానికి ఎంతో ఉంది. "కాదు, ప్యాసింజర్‌ను," అని కిటికీ వైపు తిరిగాను.