బరాత్‌లో నోరు ఖాళీ లేదు

సిగరెట్టు మానేసిన మొదటి రోజు నాకు పట్టిన ఎక్కిళ్లు బాన్సువాడ బస్టాండు దాకా వినిపించి ఉంటాయి. దవాఖానలో ఇచ్చిన నికోటిన్ గమ్మును చపచపా నమిలి, ఊరిన రసమంతా గుటుక్కున మింగేశాను. అది మిఠాయి కాదు, మందు అని అక్కడి డాక్టర్ మేడమ్ చెప్పనే చెప్పింది. నేను వింటేగా! మందన్నాక మింగాల్సిందే కదా అనుకున్నాను. గొంతు మండింది, కడుపులో తిప్పింది, ఆపైన ఎక్కిళ్లు. ఆ ఎక్కిళ్లతోనే ట్రంపెట్ నోటికి పెట్టుకుంటే పాట రాలేదు, కోడి గొంతు పట్టుకున్నట్టు ఒక కూత వచ్చింది.

నేను బ్యాండు మేళంలో ట్రంపెట్ ఊదుతాను. పెళ్లి ఊరేగింపులో, అదే బరాత్‌లో, ముందు వరుసలో నిలబడి పాట ఎత్తుకునేది నేనే. కిందటి సీజన్‌లో పల్లవి మధ్యలోనే ఊపిరి తెగడం మొదలైంది. మా మాస్టర్ మంచివాడే కానీ మొహమాటం లేనివాడు. "ఈసారి గూడ పాట నడుమల తెగిందో, ఎనకకు పోయి తాళాలు కొట్టుకో. ముంగటి జాగ ఇంకొకనికిస్త" అన్నాడు. తాళాలా? నేనా? ఒళ్లు మండిపోయింది. ఆ మంటలో ఇంకో సిగరెట్టు వెలిగించాను, అది వేరే సంగతి.

మా మేళంలో డ్రమ్ము వాయించేవాడూ నేనూ మీసాలు రాకముందు నుంచీ జోడీ. ఇంట్లో ఉర్దూ, మేళంలో తెలుగు, కోపం వస్తే రెండూ మాట్లాడతాడు. ఏ సిగరెట్టు వెలిగించినా సగం నాది, సగం అతనిది. అందుకే ఇద్దరం కలిసే దవాఖానకు వెళ్లాం. సంగతి విని మేడమ్ నవ్వింది. "కలిసి తాగెటోళ్లు కలిసే మానాలె. ఒక్కరు జారితే ఇద్దరు జారుతరు" అంటూ గమ్ములు రాసిచ్చి, మానేస్తున్న వాళ్లంతా గురువారం గురువారం కూర్చునే గుంపులో మమ్మల్ని కలిపింది.

దవాఖాన వరండాలో నాలుగు కుర్చీలు, రెండు బల్లలు, అదే గుంపు. నా ఎక్కిళ్ల కథ చెబితే అందరూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. నాకు చిర్రెత్తుకొచ్చింది కూడా. కోటగిరికి షేర్ ఆటో నడిపే పెద్దాయన ఒకాయన, మా కంటే ముందే మానేసినవాడు, నవ్వాపుకుని నా పక్కకొచ్చి కూర్చున్నాడు.

"గట్ల మింగుతరా తమ్మీ? మెల్లగ నమలు. నోట్లె చిమచిమ అన్నంక దవడకు పెట్టి ఊకో. చిమచిమ పోయినంక మల్ల నమలు. చాయ్ తాగితె జరసేపు ఆగినంకనే పెట్టు. సిగరెట్టు దిక్కు పాణం గుంజుడు షురువైందనుకో, ఎవలకన్న ఫోన్ చెయ్యి. మాట్లాడంగ మాట్లాడంగ అదే పోతది."

ఇక చూడండి మా ఫోన్లు! అన్నం తినగానే డ్రమ్మువాడు చేసేవాడు. "భాయ్, తిన్న. ఇప్పుడేం జెయ్యాలె?" అని ఏదో కొంప మునిగినట్టు అడిగేవాడు. "దవడకు పెట్టు" అనేవాణ్ణి. సాయంత్రం నేను చేసేవాణ్ణి. "ఫికర్ నక్కో భాయ్, నేనున్న గదా" అనేవాడు. ఆ రోజుల్లో ఇంట్లో గిన్నె మూత కింద పడినా నేను అరిచేవాణ్ణి. "సిగరెట్టు మానిండా, మంచితనం మానిండా?" అని మా ఆవిడ నాకు వినపడేలా పొయ్యితో చెప్పుకునేది.

అయినా ఎంత సంబరంగా ఉండేదో! పచ్చిపులుసులో కాల్చిన మిరపకాయ రుచి నాలుక్కి మళ్లీ తెలిసింది. వరికోత వాసన ఇంత బాగుంటుందని మరిచేపోయాను. ఒక పొద్దున కాలువ గట్టు మీద నిలబడి పల్లవి ఎత్తుకుంటే చివరిదాకా తెగలేదు. గట్టు మీద ఒక్కణ్ణే గంతులేశాను. ఫోన్ చేసి మళ్లీ ఊది వినిపిస్తే అవతల డ్రమ్మువాడు నాకంటే గట్టిగా అరిచాడు.

కానీ అసలు పరీక్ష బరాత్‌లోనే. ఊపు మీదున్నప్పుడు పెళ్లివాళ్లు మాకు మర్యాద చేస్తారు. మా చేతులు ఖాళీ ఉండవు కాబట్టి సిగరెట్టు వెలిగించి నేరుగా నోట్లోనే పెడతారు. వద్దంటే "మా పెండ్లిల మా సిగరెట్టు తాగవా?" అని అలుగుతారు. గురువారం ఇది చెబితే ఆటో పెద్దాయన కూడా తల గోక్కున్నాడు. "గక్కడ ఫోన్ గూడ చెయ్యరాదు. ఒకలనొకలు చూస్కోండ్రి" అన్నాడు.

బీర్కూర్‌లో పెళ్లి. పొద్దు వాలుతుండగా బరాత్ కదిలింది. పాట పల్లవి చివర ఒక దీర్ఘం ఉంటుంది. అది కాగానే నేను ట్రంపెట్ దించి ఊపిరి తీసుకోవాలి. సరిగ్గా అక్కడికే పెళ్లికొడుకు బావ వెలిగించిన సిగరెట్టుతో ఎగురుకుంటూ వచ్చి నా మూతి పక్కన నిలబడ్డాడు. ఆ వాసనకు నోట్లో నీళ్లూరాయి. అబద్ధమెందుకు, కావాలనిపించింది. దించితే చాలు, ఆయనే పెట్టేస్తాడు.

దించలేదు. దీర్ఘాన్ని అలాగే పట్టుకున్నాను. బావ ఎగురుతూనే ఉన్నాడు, నేను ఊదుతూనే ఉన్నాను. డ్యాన్సు ఆడేవాళ్లు ఆగి చేతులెత్తి కేకలేశారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. చివరికి బావే విసిగి పక్కకు తిరిగాడు.

పక్కన డ్రమ్మువాడు. చేతులు రెండూ కర్రల మీద, నోరేమో ఖాళీ. సిగరెట్టు అతని పెదవికి తగలడం చూశాను. ముక్కుతో ఒక్క గుక్క ఊపిరి లాగి, ట్రంపెట్ గరాటును బావ చెవి పక్కకు తిప్పి పైస్థాయిలో ఊదాను.

"ఓయమ్మో!" అని బావ ఎగిరి గంతేశాడు. సిగరెట్టు రోడ్డు మీద పడి ఆడేవాళ్ల కాళ్ల కింద నలిగిపోయింది. జనం ఈలలు వేశారు. బావ రోషపడతాడేమో అనుకున్నాను కానీ, చెవులు పట్టుకుని ఇంకోసారి ఊదమన్నాడు.

బరాత్ అయ్యాక డ్రమ్మువాడు కర్రలు చంకలో పెట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "భాయ్, నోరు మూస్తుంటినో, తెరుస్తుంటినో నాకే ఎర్కలే" అన్నాడు. అతని భుజం గట్టిగా పట్టుకున్నాను. నాకు భయమూ సంతోషమూ ఒక్కసారే వచ్చాయి.

ఇంతలో మాస్టర్ వచ్చి నన్ను ఎగాదిగా చూశాడు. "ఎక్కడ దాసినవ్‌రా గంత ఊపిరి?"

నేను నోరు తెరిచేలోపే డ్రమ్మువాడు అందుకున్నాడు.

"సగం నాది మాస్టర్."