వణికింది నా చేతులు కాదు

నా చేతులు వణుకుతున్నయని చెప్పి నా బండి తాళంచెవి నా ఇంట్లనే గుంజుకున్నరు. వణికింది నా చేతులు కాదు, బండి. ఈ మాట నేను మొదటి దినమే చెప్పిన. ఎవ్వరు వినలె. ముసలోని మాట గదా, చాయ్ మీది మీగడ లెక్క ఊది పక్కకు నెట్టిన్రు.

గుంజుకున్నది పరాయోళ్ళు కాదు, నా ఇంటామె. సాక్షి ఆమె తమ్ముడు, నా బామ్మర్ది. ఆ పొద్దు వాడు నాతోని బండిల కూసున్నడు. గోదావరి వంతెన దాటి ఇటు మా ఊరు ఖని దిక్కు దిగుతుంటె ముందట బొగ్గు లారీ నెమ్మదైంది. నేను బ్రేకు మీద కాలు పెట్టిన. స్టీరింగు గడగడ వణికింది, చలిజ్వరమొచ్చినోని దవడ లెక్క. దానితోపాటు నా చేతులు ఊగినయ్. వాడు స్టీరింగు చూడలె, చేతులే చూసిండు.

"బావా, ఇగ డ్రైవింగు బంద్ చెయ్యి. చేతులు జాతరల పూనకమొచ్చిన శివసత్తి ఊగినట్టు ఊగుతున్నయ్," అన్నడు ఇంటికొచ్చినంక.

"చేతులు కావుర, బండి."

"బండికి ముసలితనం వస్తదా?"

"వస్తది. నీ నోటికే రాదు."

ఇంటామె నవ్వలె. గోడ మేకుకున్న తాళంచెవి తీసి కొంగున ముడేసుకున్నది. "పాణం కంటె కూరగాయలు ఎక్కువనా? ముందుగాల దవాఖానకు నడువు," అన్నది.

కూరగాయల కోసమే నేను బండి తోలుతున్ననని ఆమె అనుకున్నది. బొగ్గు గనిల పని చేసి రిటైరైనంక కొన్న పాత పికప్పు అది. తెల్లారంగనే వంతెన దాటి జైపూర్ దిక్కు ఊర్లకు పోత, కొత్తిమీర, వంకాయ, బీరకాయ ఏసుకొని ఖని మార్కెట్టుకు తెస్త. చలికాలం ఆ యాళ్ళకు వంతెన మీద మబ్బు కూసుంటది. కింద నది కనపడదు, ఉన్నదని తెలుస్తది. దూరంగ కరెంటు కార్ఖానా పొగగొట్టాలు మొదలు లేకుంట ఆకాశంల తేలుతుంటయ్. ముందట పోయే లారీ ఎర్ర దీపం ఒక్కటే దారి. అటెన్క పొద్దు పొడుస్తది, మబ్బు లోపల ఎవరో లాంపు పట్టుకొని నడిచొచ్చినట్టు. నేను నైట్ షిఫ్టు చేసిన ఏండ్లల్ల ఎన్ని పొద్దుపొడుపులు నా నెత్తి మీదికెల్లి పోయినయో! నేను కింద నేల కడుపుల ఉన్న. అవన్ని ఇప్పుడు ఒక్కొక్కటి వాపసు తీసుకుంటున్న. కొంగున ముడేసింది తాళంచెవి కాదు, నా పొద్దుపొడుపు.

ఇంటి ముందట కుర్చీల కూసొని బండిని చూసుడే నా పనైంది. కండ్లు మూస్తె స్టీరింగు దానంతటదే చేతులల్లకు వస్తుండె. వంతెన, మబ్బు, కొత్తిమీర వాసన. కండ్లు తెరిస్తె గేటు. చాయ్ సాసర్ల నిండుగ పోసుకొని తాగిన, ఒక్క చుక్క ఒలకలె. అటు చూసే మొకం ఒక్కటి లేదు.

నేను బడి మొకం చూడలె. గనిల బోర్డులు చూసి అక్షరాలు కూడవెట్టుకున్న, అటెన్క పాత పుస్తకాలు దొరికినయ్ దొరికినట్టు చదివిన. కాని వణుకు చదువుడు మాత్రం చేతులకే నేర్పింది గని. కింద పైకప్పు మంచిగున్నదా లేదా చూడాలంటె ఒక చేత్తోని కట్టె పట్టి కొడ్తం, ఇంకో అరచెయ్యి కప్పుకు ఆనిస్తం. గట్టి రాయి గంట లెక్క మోగుతది. పొర ఇడిసిన రాయి డొల్లగ పలుకుతది, అరచెయ్యి కింద సన్నగ వణుకుతది. ఆ వణుకు తెలిసినోళ్ళమే పాణాలతోని పైకొచ్చినం. అసొంటి చేతులకు, వణుకు తనదో ఎదుటిదో తెల్వదంటరా?

తాళంచెవి పోకముందే నేను బండిని పరీక్ష చేసి ఉన్న. బ్రేకు తొక్కకుంట ఎంత జోరుగ పోయినా వణుకు లేదు, అంటె టైర్ల తప్పు కాదు. ఖాళీ రోడ్డు మీద హ్యాండుబ్రేకు మెల్లగ గుంజి చూసిన. అది ఎన్క చక్రాలనే పట్టుకుంటది, అప్పుడూ వణుకు లేదు. కాలుతోని తొక్కితెనే వస్తున్నది. అంటె రోగం ముందు చక్రాలది. వాటి లోపల పళ్ళెం అసొంటి ఇనుప డిస్కు ఉంటది, బ్రేకు దాన్నే రెండు పక్కల ఒత్తుతది. ఆ పళ్ళెం సాపుగ లేకుంటె స్టీరింగు ఊగుతది.

ఇంత చెప్పినా, కూరగాయలకు కాదు పొద్దుపొడుపు చూడ పోతున్ననన్నా, ఇంటామె తాళంచెవి ఇయ్యలె. "మెకానిక్కునే ఇంటికి పిలువు. బండి గేటు దాటొద్దు," అన్నది. నాకు ఎరికైన మెకానిక్ భాయి జాకీ పట్టుకొని వచ్చిండు. బామ్మర్ది తమాషా చూడ వచ్చిండు.

"భాయి, బండితోపాటు మా బావకు గూడ జర నట్లు బిగించు."

"మీ బావ నట్లు పాతకాలంయి, టైటే ఉంటయ్," అన్నడు భాయి. ముందు చక్రం ఊడదీసిండు.

గనిల మా పని చూసుకునే సర్దారు ఒక జాగ చూసి మంచిగున్నదంటె సుద్దముక్కతోని గుర్తు పెడ్తడు. ఆ గుర్తు లేని కాడ మేము నిలవడకపోయేది. అందుకే నాకు సుద్దముక్క మీద నమ్మకం. మోచెయ్యి ఇటుక మీద ఆనించి, సుద్దముక్క డిస్కుకు అంటీ అంటనట్టు పట్టుకున్న. "తిప్పు భాయి, మెల్లగ."

డిస్కు తిరిగింది. ఇంత దూరం సప్పుడు లేదు, తర్వాత చిర్రుమన్నది, మళ్ళ సప్పుడు లేదు. ఆపి చూస్తె ఒక్క పక్కనే తెల్లటి గీత, నెలవంక లెక్క. మిగిలినదంత ఇనుమే.

"చెయ్యి వణికింది, అంటింది," అన్నడు బామ్మర్ది.

గుడ్డతోని తుడిచిన. మళ్ళ పట్టిన. నెలవంక అక్కడనే పొడిచింది. మళ్ళ తుడిచి, సుద్దముక్క వాని చేతులవెట్టిన. "నువ్వు పట్టుర. నీది పడుసు చెయ్యి గద."

వాడు పట్టిండు. భాయి తిప్పిండు. అదే జాగ, అదే నెలవంక. వాడు డిస్కు చూసిండు, తన చెయ్యి చూసుకున్నడు. రెండో పక్క డిస్కు గూడ గట్లనే ఉన్నది.

"ఇట్లెట్లయింది కాక? గరం మీద పానీ పడ్డదా?" అన్నడు భాయి.

ఆ మాట ఇనంగనే నా చెవులల్ల సుయ్యిమన్నది. గనికెల్లి వచ్చినోడు కాళ్ళమీద నీళ్ళు పోసుకోకుంట మా వాడల ఏ ఇంటి గడపా దాటడు. ఇంటామె ఏండ్లు ఏండ్లు నా నల్లటి కాళ్ళమీద చెంబుతోని నీళ్ళు పోసింది. నేను రిటైరైనంక పోస్తానికి నల్లటి కాళ్ళు లేవు. మార్కెట్టుకు పోయే ముందు చాయ్ కోసం నేను ఇంటి ముందట ఆగంగనే, లోడుతోని వంతెన దిగొచ్చిన బండి చక్రాలమీద పోసుడు మొదలువెట్టింది. "ఇది గూడ డ్యూటీ చేసి వస్తుందాయె," అంటుండె. బ్రేకులు తొక్కి తొక్కి కాలిన ఇనుము మీద సల్లటి నీళ్ళు. తెల్లటి ఆవిరి లేస్తుండె, దాని వెనుక ఆమె మొకం తేలుతుండె. నేను సాసరు పట్టుకొని ఆ సోకు చూసుకుంట కూసుంటుంటి. రోజింత, రోజింత, పళ్ళెం వంకరపోయింది.

భాయికి ఇదే చెప్పిన. గడపల నిలవడి ఆమె అంత ఇన్నది. చేతుల చెంబు మెల్లగ కిందవెట్టింది.

డిస్కులు ఇంక మందంగనే ఉన్నయని భాయి వాటిని సాపు చేసే లేత్ మిషనుకు పట్టించిండు. వెండి వెంట్రుకల్లెక్క ఇనుప తీగెలు రాలినయట. డిస్కు కూసునే హబ్బు మీది తుప్పు ఇనుప బ్రష్షుతోని గీకినం, కొత్త బ్రేకు ప్యాడ్లు ఏసినం, నట్లు ఎదురెదురు బిగించినం. ఇంటామె తాళంచెవి భాయికిచ్చింది, నాకు కాదు! వాడు బామ్మర్దిని ఎక్కించుకొని వంతెన దాంక పోయిండు, మెల్లగ తొక్కుకుంట ఇడుసుకుంట ప్యాడ్లు కుదురవెట్టి వచ్చిండు.

"అక్కా, వణుకలేదే," అన్నడు బామ్మర్ది నేల చూసుకుంట.

నేను కుర్చీల నుంచి లేవలె. "ఇప్పుడన్న చెప్పు. వణికింది ఎవరు?" అని అడిగిన ఇంటామెను.

ఆమె భాయి దగ్గర తాళంచెవి తీసుకొని, నా అరచేతుల పెట్టి, నా వేళ్ళు తనే మూసి అన్నది:

"బండే వణికింది. నీ చేతులు కావు. రేపు తెల్లారంగనే పో, పొద్దు చూసిరా. చక్రాలు సల్లారేదాంక చెంబు ముట్ట. అందాక నీళ్ళు నీ కాళ్ళమీదనే పోస్త."