తడి తలలు

ఎర్రగుంట్ల దగ్గర ఒక పల్లె బడిలో నేను పనిచేసేటప్పుడు, పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండే ఒకామె ఉండేది. పళ్లెంలో వడ్డించే ముందు ప్రతి బిడ్డ తలా ఒకసారి నిమిరేది. ముద్దు చేస్తోందనుకున్నాను. కానీ జుట్టు తడిగా తగిలితే గరిటె ఆగిపోయేది. "యాడ తడిసినావు నాయనా?" అని అడిగి, జవాబు మీద నమ్మకం కుదిరాకే అన్నం పెట్టేది.

ఎందుకలా చూస్తావమ్మా అని ఒకరోజు అడిగాను.

"మా పిల్లోడు మూడో తరగతి సార్. శానా ఏండ్లు వానల్లేవు, బావులన్నీ ఎండిపాయ. నీళ్లే లేని ఊర్లో ఈత ఎందుకులే అనుకుంటిమి. ఆ యేడు ఒక్క పెద్ద వానకు నాపరాళ్లు తీసిన గుంత నిండె. ముందు దినం వాడు తడి తలతోనే అన్నానికి కూర్చునె. నేను అడగల్యా. మర్సనాడు గుంతలోంచి ఎత్తుకొచ్చిరి" అని పొయ్యి వైపు తిరిగింది.

ఆమె ఈ మాట చెప్పిన మరుసటి ఏడు వానలు బాగా పడ్డాయి. ఒక రైతు బావిలో పిల్లల వీపులకు ఖాళీ నూనె క్యాన్లు కట్టి, పెద్దవాళ్లం ఇద్దరం నీళ్లలో నిలబడి ఈత నేర్పాము. అందరూ తడి తలలతోనే భోజనానికి వచ్చేవారు. ఆమె ఏమీ అడిగేది కాదు. కొంగుతో ఒక్కొక్క తలా తుడిచి వడ్డించేది.

మూడో తరగతి పిల్ల ఒకతి క్యాన్ లేకుండా బావి అటునుంచి ఇటు ఈదిందని ఆమెకు చెప్పాను.

"ఎన్ని దినాలు పట్టె సార్, నేర్చుకోను?"

"పది దినాలమ్మా."

ఆమె గరిటెను గిన్నెలో పెట్టేసింది.

"పది దినాలేనా" అంది.