రెండో చెంచా

ఇంగ్లండుది కాదు, మా కెనడా లండన్. అక్కడి నుంచి హామిల్టన్‌కి బస్సులో వెళ్తున్నాను. చదువయ్యాక నాకొచ్చిన మొదటి ఇంటర్వ్యూ. కంగారులో పొద్దున ఏమీ తినలేదు. పక్క సీట్లో ఒక ఫిలిపినో ఆంటీ కూర్చుంది.

కాసేపటికి ఆవిడ టిఫిన్ డబ్బా మూత తీసి, నా వైపు తిరిగి, "రా, తిందాం" అంది. ఇంగ్లీషులోనే, కానీ అచ్చం మా పిన్ని పిలిచినట్టు. సంచిలోంచి ఇంకో చెంచా కూడా తీసింది. నేనేం మొహమాటపడలేదు. అన్నం, వెనిగర్‌లో ఉడికించిన కోడికూర. సగం డబ్బా నేనే ఖాళీ చేశాను.

ఆవిడ నన్నే చూస్తూ నవ్వుతోంది.

"ఏంటి ఆంటీ?"

వాళ్ళది సముద్రం ఒడ్డున చిన్న ఊరట. అక్కడ బస్సుల్లా తిరిగే జీపుల్లో డబ్బా తెరిస్తే చుట్టూ ఉన్న అందరినీ తినమని పిలవాలట. వాళ్ళు మాత్రం "ఇప్పుడే తిన్నాం, మీరు కానివ్వండి" అనాలట. అదీ మర్యాద.

చెంచా నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. "అయ్యో, సారీ ఆంటీ. నిజంగానే పిలిచారనుకున్నా."

"నిజంగానే పిలిచాను. ఇక్కడికొచ్చినప్పటి నుంచీ బస్సులో రోజూ పిలుస్తూనే ఉన్నాను. కొందరు నవ్వుతారు, కొందరు ఫోన్‌లోంచి తలే ఎత్తరు. ఎవరైనా 'సరే' అంటారేమోనని రెండో చెంచా తెచ్చుకుంటాను. నువ్వు తిను."

డబ్బా అడుగు కనబడేదాకా తిన్నాం.

హామిల్టన్‌లో దిగేముందు ఆవిడ చెంచాలు టిష్యూలో చుట్టి, ఏదో గెలిచినదానిలా అంది: "ఇవాళ ఇంటికెళ్ళి రెండూ కడగాలి."