మోచేయి, తూనీగ రెక్క

ఇన్నేళ్లలో ఈ సంగతి నన్ను ఒక్కరూ అడగలేదు. ఇక అడగరని తేలిపోయింది కాబట్టి నేనే రాస్తున్నాను.

ఇబ్రహీంపట్నంలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ ల్యాబ్ అటెండర్‌గా పనిచేశాను. చుట్టూ చెలకలన్నీ ప్లాట్లవుతున్న రోజులు. స్టాఫ్ రూంలో బొంగులూరు భూముల ముచ్చట తప్ప మరో మాట ఉండేది కాదు.

చిన్నప్పుడు నా చెయ్యి విరిగితే కట్టు సరిగా పడక మోచేయి వంకరగా అతుక్కుంది. ఒక ఏడాది నొప్పి లేచి దవాఖానకు పోతే, డాక్టరు చీటీ మీద ‘క్యూబిటస్ వేరస్’ అని రాశాడు. ఆ మొదటి మాట నేను రోజూ దుమ్ము దులిపే తూనీగ రెక్క పటం మీద ఉంది! రెక్కలోని ఈనెల్లో ఒకదాని పేరు రేడియస్, మరొకదాని పేరు క్యూబిటస్. మన ముంజేతి ఎముకల్లో ఒకటి రేడియస్, మోచేయి క్యూబిటస్. ఎముకే లేని రెక్కకు మన చేతి పేర్లెందుకు పెట్టారు?

కొత్తగా వచ్చిన లెక్చరర్ దగ్గరికి పోయి, నా మోచేయి, పటం చూపించి ఈ సంగతి చెప్పి అడిగాను. నాకంటే పదేళ్లు చిన్నవాడు.

"ఏమోనన్నా, పాతోళ్లకు వేరే పేర్లు దొరకలేదేమో," అన్నాడు తలెత్తకుండా. "జర ఆ స్లైడ్లు తుడువు."

సైన్స్ ప్రదర్శన నాడు అదే పటం వేదిక మీద పెట్టించి నన్ను పిలిచాడు. "అన్నా, అంగీ చేతులు మీదికి మలువు. చెయ్యి సాపు."

చాపాను. బెత్తం కొనతో ఒకసారి రెక్కను, ఒకసారి నా మోచేతిని చూపిస్తూ నేను చెప్పిందే చెప్పాడు. "ఒకరోజు పటం చూస్తుంటే నాకు తట్టింది," అన్నాడు. నా చెయ్యి గాల్లో ఉండగానే చప్పట్లు మోగాయి. శాలువా ఆయనకు కప్పారు. జరీ అంచు ఎర్ర శాలువా. దాన్ని పళ్లెంలో పట్టుకొచ్చింది నేనే.

"సారుకు శాలువా, నీకు నొప్పుల నూనె," అని క్యాంటీన్ ఆయన నవ్వాడు.

నిజమే, ఆయన నాకంటే బాగా చెప్పాడు. నేనైతే తడబడేవాణ్ని. అదే నాకు ఎక్కువ మండింది. ఆ గొంతు, ఆ ఇంగ్లీషు, పిల్లలు ఆయన్ను చూసిన చూపు, ఏదీ నాది కాదు. ఆ ఆలోచన ఒక్కటే నాది.

ఆ ఆలోచన నాదని ఎందుకు చెప్పలేదని తర్వాత ఆయన్ను మూడుసార్లు అడిగాను. "గదేందన్నా, ఇంకా యాదుంచుకున్నవా?" అని దాటేశాడు.

అవును, ఉంచుకున్నాను. సార్, ఆ సంగతి మీకు మొదట చెప్పిందెవరు? ఆనాడు చప్పట్లు కొట్టినవాళ్లందరికీ తెలిసేలా, ఇప్పుడైనా జవాబు చెప్పండి.