ఈరన్న మందలో రోగం లేదు

పదేళ్ల కిందట ఎవరో మంచిదన్నారని, అది పెరిగిన మందను చూడకుండానే ఒక పెయ్యను కొనితెచ్చి మా ఎమ్మిగనూరు కొట్టంలో కట్టాను. ఇరవై రోజుల్లో దొడ్డరోగం ఆరు ఆవులను తీసుకుపోయింది. మిగిలిన రెండింటి సంతానమే ఇప్పుడున్న అయిదూ. కనుక ఈసారి పాడియావు కావలసివచ్చినప్పుడు, మంద మొత్తం నేనే చూసి వస్తానన్నాను. "ఈ వయసులోనా అత్తా?" అంది కోడలు. వయసుకూ, ఆవు నోరు తెరిచి చూడడానికీ ఏం సంబంధమో నాకు తెలియదు.

ఆరు గంటల బస్సు ఆరూ నలభైకి కదిలింది. ఆదోనికి పది అణాలు. టికెట్టు పూర్తిది, కూర్చున్నది మాత్రం పత్తి మూట మీద. ఆదోనిలో పశువుల డాక్టరు గారిని కలిశాను. "ఒక్క ఆవు బాగుందని నమ్మకండి. మందలో ఒకదానికి సోకితే అన్నిటికీ సోకినట్టే. కళ్లలో నీరు, ముక్కులో చీమిడి, చిగుళ్ల మీద పుండ్లు, పారుడు, ఇవి చూడండి. ఈమధ్య ఏవైనా చచ్చాయేమో అడగండి. రోగం ఉందని తేలితే, తిరిగి వెళ్లాక పది రోజులు మీ కొట్టంలో అడుగు పెట్టకండి" అన్నారు. పదింటి హొళగుంద బస్సు పదకొండున్నరకు వచ్చింది, పన్నెండణాలు. అక్కడి నుంచి, ఆవును అమ్ముతానన్న ఈరన్న ఊరికి రెండు మైళ్లు ఎద్దులబండి, రానూపోనూ ఒక రూపాయి.

బండి తోలే హుసేనప్ప ఊరి బయట వాగు దగ్గరే ఎద్దులను విప్పేశాడు. "ఆడికి ఎద్దులు రావవ్వా. నడువు, నేనూ వస్తా." మధ్యాహ్నపు ఎండలో ఆ మిగిలిన రెండు ఫర్లాంగులకు కూడా నేను డబ్బిచ్చానని గుర్తుచేశాను. నవ్వాడు.

ఈరన్న మర్యాదగానే మజ్జిగ ఇచ్చాడు. "రోగమా? మా మందలోనా? బసవన్న సాక్షిగా ఏ రోగమూ లేదమ్మా" అన్నాడు. పదకొండు ఆవుల నోళ్లూ తెరిపించి చూశాను. చిగుళ్లు శుభ్రం, ముట్టెలు తడి. ఒక కపిల ఆవు నా అరచేయి నాకింది. మనసు దాని మీదికి పోయింది. అప్పుడు గుంజలు లెక్కపెట్టాను. పద్నాలుగు.

"మిగతా మూడు ఏవి?"

"పోయినాయమ్మా."

"మేతకా?"

"మేతకు కాదు. పోయినాయి."

"ఎక్కడికయ్యా?"

"పోయినాయంటే పోయినాయమ్మా! యాడికని సెప్పేది?"

హుసేనప్ప నా చెవి దగ్గరకు వంగి, "రోగమని అడిగితే లేదనే అంటారవ్వా. అమ్మ వచ్చిందా అని అడుగు" అన్నాడు. అడిగాను. ఈరన్న వెంటనే చేతులు జోడించాడు. "వచ్చిందమ్మా తల్లి. మూడింటిని తీసుకుని పొయ్యి పన్నెండు దినాలాయ."

"మరి రోగం లేదన్నావే!"

"అమ్మను రోగమంటే కండ్లు పోవా? సదువుకున్నదానివి, అంతమాత్రం తెలీదా?"

హుసేనప్ప వైపు తిరిగాను. "అందుకేనా ఎద్దులను వాగు దగ్గరే విప్పేశావు? నీకు ముందే తెలుసు కదా, చెప్పలేదేం?"

"ఆవులెట్ల ఉండాయని అడిగినావు. బాగుండాయంటి. అమ్మ సంగతి నువ్వు అడగలేదు కదవ్వా!"

ఆవు వద్దన్నాను. "ఇంతదూరం వచ్చి ఉత్తచేతుల్తో పోతావా?" అని ఈరన్న నొచ్చుకున్నాడు. ఉత్తచేతులే అయితే బాగుండేది. పదకొండు నోళ్లలో పెట్టిన చేతులవి. వాగులో బూడిదతో మోచేతుల దాకా తోముకున్నాను. చెప్పులు అక్కడే వదిలేశాను. ఆదోని సత్రంలో తలస్నానం చేసి, కట్టిన చీర ఉడకబెట్టించి, మరునాడు వట్టికాళ్లతో ఇల్లు చేరాను.

దారంతా ఈరన్నను అబద్ధాలకోరని తిట్టుకుంటూ వచ్చాను. కానీ అతను ఒక్క అబద్ధం ఆడలేదు. నేను నా మాటతో అడిగాను, అతను తన మాటతో జవాబు చెప్పాడు. మీరూ పశువును కొనడానికి ఆ వైపు పోతుంటే ముందు అక్కడి మాట నేర్చుకోండి. మరొకటి, ప్రయాణం రెండు రోజులని లెక్క వేసుకోకండి, పన్నెండనుకోండి. నేను వచ్చి నాలుగు రోజులైంది. నా గొంతు వినబడగానే కొట్టంలో పెద్దావు అరుస్తుంది. గడప ఇవతల నిలబడి, రానే, ఇంకా ఆరు రోజులుందే అని దానికి చెబుతున్నాను.